గోపన్‌పల్లి గడ్డిలో సున్నా కోసం

హైదరాబాదు వెళ్లొచ్చానంటే మా వీధిలో అందరూ రెండే ప్రశ్నలు అడిగారు. చార్మినార్ ఎక్కావా, బిర్యానీ తిన్నావా అని. రెండూ లేదు. పదమూడు రోజులు ఆ ఊళ్లో ఉండి నేను చూసొచ్చింది గడ్డి. గడ్డి చూడటానికి హైదరాబాదు దాకా వెళ్లాలా అని పక్కింటి రత్నకుమారిగారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. ఆవిడ కోసమూ, ఆవిడలాగే అటువైపు వెళ్లని వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను.

నేను పీహెచ్‌డీ చేస్తున్నది నేలలోని సూక్ష్మజీవుల మీద. పశువు నెమరేస్తూ త్రేన్చే గాలిలో మీథేను ఉంటుందనీ, అది భూమిని వేడెక్కిస్తుందనీ ఈమధ్య పేపర్లలో అందరూ చదువుతున్నారు. నేను చూసేది పశువు నోటిని కాదు, అది మేసి వెళ్లిపోయాక నేల మీద వదిలిన వాటిని. పేడ కుప్ప లోపల గాలాడని చోట కొన్ని సూక్ష్మజీవులు మీథేను తయారు చేస్తాయి. మూత్రం పడ్డ చోట వేరే జాతి పనిలోకి దిగి, అలాగే వేడి పెంచే నైట్రస్ ఆక్సైడ్ వదులుతుంది. వాన పడ్డాక కొన్ని రోజులు వీటి హడావుడి చెప్పనలవి కాదు. కనీసం ఐదు రోజులు వరసగా, రోజూ ఒకే వేళకి కొలవాలి.

పేడ ఉన్న చోటు, మూత్రం పడ్డ చోటు, ఏమీ పడని ఉత్త గడ్డి, ఈ మూడూ కొలవాలని నా పట్టు. మా గైడుగారు ఒప్పుకోలేదు. "ఉత్త గడ్డిలోంచి ఏమొస్తుందమ్మా? సున్నా. సున్నాని కొలవడానికి అంత దూరం సీసాలు మొయ్యాలా? రాసేసుకో" అన్నారు. మనిషి మంచివారే. కాకపోతే కొలిచిన సున్నాకీ కొలవని సున్నాకీ తేడా లేదంటే నాకు ఒళ్లు మండుతుంది. కొలిచాక సున్నా వస్తే సున్నానే రాస్తాను, కొలవకుండా మాత్రం నా పుస్తకంలో రాయనని చెప్పి రైలెక్కాను.

లింగంపల్లి

సికింద్రాబాదులో దిగి లోకల్ రైలు పట్టుకుని లింగంపల్లి చేరాను. సామానంతా చూసి రైలు పెట్టెలో ఒకాయన "పెయింటింగ్ కాంట్రాక్టా అమ్మా?" అని అడిగారు. లావు ప్లాస్టిక్ పైపు కోయించిన రింగులు తొమ్మిది, తెల్ల బకెట్లు మూడు, సిరంజీలు, రబ్బరు మూతల గాజు సీసాలు నూట అరవై. ఆయనకి వివరం చెప్పేలోపు స్టేషను వచ్చేసింది.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. బడులు లేవు, ఆఫీసులు లేవు. స్టేషను బయట ఆటో అతను మదీనాగూడకి నూట యాభై అన్నాడు. మామూలుగా ముప్ఫై ఇస్తారని మా అక్క ముందే చెప్పింది. అదే మాట అతనితో అన్నాను.

"మామూలు రోజులు గావు గద మేడం. గ్యాసు కోసం పొద్దటి సంది లైన్ల నిలవడ్డ. జర మీరే సమజ్ జేస్కోండ్రి" అన్నాడు. చివరికి వందకి కుదిరింది. దారి పొడుగునా స్తంభాలకి గులాబీ జెండాలు, అద్దాల మేడల ముందు పోలీసు జీపులు. మా గుంటూరు జిల్లాలో ఈ ఉద్యమాన్ని టీవీలో చూసి ఇల్లు కదలకుండా వాదించుకుంటాం. ఇక్కడ దాని మధ్యలోంచి ఆటోలో కూర్చుని వెళ్లడం వేరే సంగతి.

మేరీ అక్క మా పిన్ని కూతురు. మదీనాగూడలో ఉంటుంది, నర్సు. సమ్మె అయినా డ్యూటీ తప్పదు కాబట్టి రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి వెళ్లొస్తోంది. ఆ రాత్రి గోంగూర పచ్చడి వడ్డిస్తూ నాకు రెండు హితవులు చెప్పింది. "ఒసే రూతూ, రోడ్డు మీద ఎక్కువ మాట్లాడకు, నీ 'అండి' నిన్ను పట్టిచ్చేస్తుంది. ఆ సిరంజీలు ఎవరైనా అడిగితే నర్సునని చెప్పు. వదిలేస్తారు."

గడ్డి ఆచూకీ చెప్పింది కూడా అక్కే. మా వైపు నేలంతా వరి, పశువులకి వరిగడ్డి, ఇంక మేపే బీడు ఎక్కడిది? నాకు మెట్టగడ్డి కావాలంటే, "మాకు పాలు పోసే మల్లమ్మ దగ్గర కావలసినంత ఉంది రా" అంది.

గోపన్‌పల్లి

నల్లగండ్ల దాటాక రోడ్డుకి ఒకపక్క కొత్త అపార్టుమెంట్లు, ఇంకోపక్క రాళ్లు, రాళ్ల మధ్య గడ్డి. ఎటు తిరిగి నిలబడినా ఏదో ఒక కంపెనీ అద్దాల గోడ కనిపిస్తుంది. ఆ గోడలకీ ఈ గడ్డికీ మధ్య పద్నాలుగు బర్రెలు మేస్తున్నాయి. మేము గేదెలంటాం. ఇక్కడ గేదె అంటే మల్లమ్మ "గట్లనే అంటరా మీ తాన?" అని పకపకా నవ్వింది.

మల్లమ్మకి అరవై దాటి ఉంటాయి. మనిషి ఎండుకట్టె, గొంతు కంచు. ఆ జాగా సర్కారుదట. వాళ్ల మామ కాలం నుంచీ అక్కడే మేపుతున్నారు. పొద్దున్నే మదీనాగూడ అపార్టుమెంట్లకి లీటరు నలభైకి పాలు పోసి, పది గంటలకల్లా బర్రెల దగ్గర ఉంటుంది. నేను రింగులు నేలలోకి సుత్తితో దిగ్గొడుతుంటే నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"ఏంది బిడ్డా ఇది? గడ్డికి మూతలు పెడ్తవా?"

"గడ్డిలోంచి వచ్చే గాలిని పట్టుకోవాలండి."

"గాలి పట్టేటందుకు గుంటూరు నుంచొస్తివా!" అని మళ్లీ నవ్వింది. కానీ ఆ సాయంత్రానికే నాతోపాటు చెయ్యేసి సుత్తి పట్టింది.

మూడు రింగుల్లో ఒకే తూకం పేడ పెట్టాను. ఇంకో మూడింటిలో మూత్రం పొయ్యాలి. అది పట్టడం ఒక విద్య. నేను బకెట్టు పట్టుకుని ఒక బర్రె వెనక అరగంట తిరిగాను. అది నన్ను ఊరేగించిందే తప్ప కనికరించలేదు. మల్లమ్మ ఊరుకోలేక లేచి వచ్చి, తోక మొదట్లో అరచేత్తో మెల్లగా రాసి, పళ్ల మధ్య నుంచి సన్నగా ఈల వేసింది. బకెట్టు నిండింది. "పీహెచ్‌డీల గిది చెప్పరా?" అని అడిగింది. చెప్పరని ఒప్పుకున్నాను.

చివరి మూడు రింగులు ఉత్త గడ్డికి. వాటి చుట్టూ ముళ్లకంప నాటి, "ఈ మూడింట్లోకీ పశువు రాకూడదండి, అడుగు కూడా పడకూడదు" అని మరీ మరీ చెప్పాను. అంతవరకే చెప్పాను. ఎందుకో చెప్పలేదు. ఆ తప్పు నాదే.

వాన వెలిసిన పొద్దున

రెండు రోజులు ఎండ కాసింది. మూడో రోజు సాయంత్రం రాళ్లు కడిగినట్టు వాన కురిసింది. తెల్లవారాక ఏడు కిలోమీటర్లు నడిచి పది గంటలకి గడ్డిలో నిలబడ్డాను. బస్సులు లేవు, ఆటోవాళ్లు ఆ రోజు వాళ్ల వంతు బంద్ చేస్తున్నారు.

కొలిచే పద్ధతి రత్నకుమారిగారికి కూడా అర్థమయ్యేట్టు చెబుతాను. రింగు అంచుకి చుట్టూ గాడి ఉంటుంది. గాడిలో నీళ్లు పోసి దాని మీద బకెట్టు బోర్లిస్తే లోపలి గాలి బయటికి పోదు. బకెట్టు నెత్తిన రబ్బరు బిరడా. వెంటనే ఒకసారి, ఇరవై నిమిషాలకి ఒకసారి, నలభై నిమిషాలకి ఒకసారి సిరంజీతో లోపలి గాలి లాగి సీసాలో పెట్టాలి. సీసాల్ని ల్యాబులో మిషను మీద చూస్తే నలభై నిమిషాల్లో ఏ వాయువు ఎంత పెరిగిందో తెలుస్తుంది. మూడు బకెట్లు మూడు దఫాలు మార్చేసరికి పన్నెండున్నర అవుతుంది.

మొదటి రోజే నేను వాచీ చూసుకుంటూ ఉండగా ఒక ముసలి బర్రె వచ్చి గాడిలో నీళ్లు తాగేసింది. ఆ నలభై నిమిషాలూ మళ్లీ మొదటి నుంచి. ఆ తర్వాత మల్లమ్మ కర్ర పట్టుకుని నా వెనకే కూర్చుంది. మధ్యాహ్నం తన టిఫిను డబ్బా విప్పి సగం జొన్నరొట్టె, పచ్చిపులుసు నాకు పెట్టింది. మనం చింతపండు పులుసుని కాచి కాచి చారు చేస్తాం. వీళ్లు కాచకుండా ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ పిసికి వదిలేస్తారు. నేను మూడుసార్లు పోయించుకున్నాను. రెండో రోజు కూడా కొలతలు సజావుగా సాగాయి. అక్క ఇంటికి తిరిగి నడుస్తుంటే కాళ్లు బరువెక్కినా మనసు తేలిగ్గా ఉంది.

ఎంగిలిపూల నాడు

మూడో రోజు అమావాస్య. బతుకమ్మ పండగ ఆ రోజే మొదలవుతుంది, దాన్ని ఎంగిలిపూల బతుకమ్మ అంటారు. దారంతా ఆడవాళ్లు తంగేడు, గునుగు పూలు తలమీద పెట్టుకుని వెళ్తున్నారు. మల్లమ్మ కూడా కొత్త చీర కట్టుకుని వచ్చింది. ముఖం నిండా పసుపు, నోటి నిండా నవ్వు. "రా బిడ్డా, జూడు" అని నా చెయ్యి పట్టుకుని ముళ్లకంప దగ్గరికి తీసుకెళ్లింది.

ఉత్త గడ్డి రింగులు మూడింటి లోపలా ఆకుపచ్చని పేడనీళ్లు. చుట్టూ చక్కగా చుక్కల ముగ్గు.

మనం వాకిట్లో కళ్లాపి చల్లుతాం కదా, వాళ్లు దాన్నే సాన్పి అంటారు. "ఏం చేశారమ్మా ఇది? ఏదీ పడకూడదని చెప్పానా లేదా?" అని గట్టిగా అరిచాను. అరిచాననే రాస్తున్నాను, దాచను.

మల్లమ్మ నవ్వు ఆగిపోయింది. "పశువు రావద్దన్నవు, ఒక్క పశువుని రానియ్యలే. మిగిలిన ఆరిట్ల పేడనో ఉచ్చనో ఉన్నది. గీ మూడే ఉత్తగున్నయి. పండుగ పూట ఆడిపిల్ల జేసుకునే పని, సాన్పి లేకుంట ఎట్ల ఇడిసిపెడ్తమని సల్లిన. సాన్పి సల్లితె తప్పెట్లయితది? ఎందుకు సల్లొద్దో నాకు జెప్పినవా నువ్వు?"

చెప్పలేదు. ఏమీ లేని చోటు కూడా పరీక్షలో ఒక భాగమని ఆమెకి చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. రాయి మీద కూలబడి ఏడ్చాను. రెండు రోజుల కొలతలతో ఐదు రోజుల సంగతి చెప్పలేను. కాసేపటికి లేచి మిగతా ఆరు రింగులూ కొలిచాను, అవైనా పోకూడదు కదా. తర్వాత గైడుగారికి ఫోను చేశాను.

ఆయన నొచ్చుకున్నారు. "పోనీలేమ్మా. ఊరు కూడా బాగాలేదు, మిగతావి అవగానే వచ్చేయ్. ఉత్త గడ్డికి సున్నా వేసుకుందాం. ఎవరూ అడగరు."

"నేను అడుగుతాను సార్" అన్నాను. "ఇంకో ఆరు రోజులు ఉంటాను. కొత్త రింగులు వేసి, ఒకరోజు నేలని కుదురుకోనిచ్చి, ఐదు రోజులు కొలిచే వస్తాను" అని చెప్పి పెట్టేశాను. కొత్త రింగులు ఎక్కడి నుంచి వస్తాయో అప్పటికి నాకు తెలియదు.

నర్సింలు డబ్బాలు

గడ్డి అంచున ఒక అపార్టుమెంటు లేస్తోంది. అక్కడ వాచ్‌మన్ నర్సింలుది పాలమూరు జిల్లా. మల్లమ్మ నన్ను అతని దగ్గరికి తీసుకెళ్లింది. నా మీద కోపం ఇంకా తగ్గలేదు, నా వైపు చూడకుండానే మాట్లాడింది. "ఈ పిల్ల పని నా చేతుల కరాబయింది నర్సింలూ. గట్టి డబ్బాలుంటే మూడు ఇయ్యి."

ఖాళీ పెయింటు డబ్బాలు గోడవారన వరసగా పేర్చి ఉన్నాయి, ఇరవై లీటర్లవి. పెయింటర్లు పండక్కి ఊళ్లకి వెళ్లిపోయారట. వాటిని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అడుగు కోసి, కోసిన వైపు నేలలోకి దిగ్గొడితే చాలు, మూత ఎటూ బిగుతుగా పడుతుంది. మూతకి బెజ్జం పెట్టి బిరడా బిగిస్తే నా బకెట్ల కన్నా ఇవే నయం. నర్సింలు హాక్సా తెచ్చి అరగంటలో మూడూ కోసిచ్చాడు. లోపల అంటిన రంగంతా గీకి గీకి నేను కడిగాను.

"గాలి పట్టే డబ్బాలంట గద. మా వాసన గిట్ల గిండ్లకు ఎక్కుతదా మేడం?" అని అడిగాడు.

"మీరు లోపల కూర్చుంటే ఎక్కుతుంది" అన్నాను. అతను నవ్వాడు. మల్లమ్మ కూడా నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

ఈసారి అంతా వివరంగా చెప్పాను. పేడ పడ్డ చోట ఎంత వస్తుందో తెలియాలంటే, పడని చోట ఎంత వస్తుందో తెలియాలి. లేకపోతే ఆ గాలి పేడదో నేలదో ఎవరూ చెప్పలేరు. మల్లమ్మ శ్రద్ధగా విని, "పాలల్ల నీళ్లెన్ని కలిసినయో జూడాలంటె ముందుగాల అసలు పాలు జూడాలె. గంతే గద" అంది. అంతే. తరగతి గదిలో మాకు రెండు గంటలు చెప్పిన సంగతి అది.

వెళ్లేముందు క్షమించమని అడిగాను. "నువ్వు నా బిడ్డ ఈడుదానివి, లొల్లి జేస్తివి, అయిపోయింది. ఇగ ఫికర్ జెయ్యకు" అని చేతిలో రెండు మలీద ముద్దలు పెట్టింది. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేస్తారు. ఆ పండక్కి ఇదీ ఒక ప్రసాదం. మా ఇంట్లో క్రిస్మస్‌కి అరిసెలు ఇరుగుపొరుగుకి పంచినట్టే ఇక్కడ వీటిని పంచుతారు.

నల్లగండ్ల చౌరస్తా

కొత్త రింగుల కొలతలు మొదలయ్యాక మూడో పొద్దున, నల్లగండ్ల దగ్గర రోడ్డు మూసేసి ఉంది. వంటావార్పు. అంటే రోడ్డు మధ్యలో రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించి, అక్కడే వండుకుని, అక్కడే తిని నిరసన తెలపడం. మా వైపు ఇలాంటిది నేను చూడలేదు. పెద్ద పెద్ద గుండిగలు, అన్నం ఆవిరి, డప్పులు, పాటలు. దారి ఎక్కడా లేదు. టైము తొమ్మిదింబావు. పది గంటలకి నేను రింగుల దగ్గర ఉండాలి.

పక్కనుంచి దూరబోతే ఇద్దరు కుర్రాళ్లు ఆపారు. సంచి విప్పించారు. సిరంజీలు బయటపడ్డాయి.

"ఏంది మేడం ఇన్ని సూదులు? నర్సువా?"

అక్క చెప్పిన మాట నాలుక చివరదాకా వచ్చింది. అవునంటే వదిలేస్తారు. కానీ కొలవని సున్నా రాయనని గైడుగారితో పోట్లాడి, ఇక్కడ కాని నర్సునని ఎలా చెప్పను? "కాదండి. గడ్డిలోంచి వచ్చే గాలి కొలుస్తానండి" అన్నాను.

రెండుసార్లు 'అండి' పడింది. చుట్టూ గోల తగ్గింది. "ఆంధ్రానా?" అన్నారెవరో.

"గుంటూరు జిల్లా అండి." అన్నాను. సంచి మాత్రం వదల్లేదు.

మెడలో గులాబీ కండువా ఉన్న పెద్దాయన ఒకరు ముందుకొచ్చారు. సమ్మెలో ఉన్న లెక్చరరట. "మీ దగ్గర గడ్డి లేదా అమ్మా? మా గడ్డితో మీకేం పని?" అని అడిగారు. వెటకారం లేదు, నిజంగానే అడిగారు.

"మాకు వరి తప్ప ఇలాంటి గడ్డి లేదండి. ఈ నేలని కొలిచిన వాళ్లు నాకెవరూ కనపడలేదు. ఏమీ పడని గడ్డికి సున్నా వేసుకోమన్నారు నన్ను. ఆ సున్నా నిజమో కాదో చూడటానికొచ్చాను. పదింటికల్లా అక్కడ లేకపోతే ఈ రోజు కొలత పోతుంది."

ఆయన వెనక్కి తిరిగి గట్టిగా అరిచారు. "ఇన్నరా? మన గడ్డికి గూడ సున్నా ఏసిన్రంట!"

"నీళ్లల్ల సున్నా, నౌకర్లల్ల సున్నా, ఇగ గడ్డిల గూడనా!" అని ఎవరో అందుకున్నారు. గొల్లున నవ్వారు, డప్పు మళ్లీ మొదలైంది. నన్ను ఆపిన కుర్రాళ్లలో ఒకడు బండి తీసి, "కూసోండ్రి మేడం, పది నిమిషాలల్ల దింపుత" అన్నాడు. పదికి ఐదు నిమిషాలు ఉండగా దింపాడు కూడా.

మధ్యాహ్నం తిరిగొస్తుంటే అదే పెద్దాయన పిలిచి కూర్చోబెట్టారు. రోడ్డు మీద ఆకేసి అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు పెట్టారు. పక్కనున్న ఆడవాళ్లు మా ఊళ్లో పొలం ఎకరం ఎంత, ఆడకూలి ఎంత అని అడిగారు. కూలి మా దగ్గర కొంచెం ఎక్కువని తేలింది. వాళ్లలో ఒకావిడ నిట్టూర్చి నాకు ఇంకో గరిటె పప్పు వేసింది. నన్ను నినాదం ఇవ్వమని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చేసేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు.

ఐదు రోజులూ పూర్తయ్యాయి. చివరిరోజు రింగులు పీకబోతే మల్లమ్మ ఆపింది. "ఉండనియ్యి. మళ్ల వానకు రావా?" అంది. సీసాలు నిండి సంచి ఎటూ బరువుగా ఉంది. సరేనని వదిలేసి వచ్చాను.

మళ్లీ ల్యాబులో

ఇంటికొచ్చిన రెండో రోజే సీసాలు మిషనుకి ఎక్కించాను. పేడ రింగుల్లో మీథేను, మూత్రం రింగుల్లో నైట్రస్ ఆక్సైడ్, అనుకున్నట్టే పైకి వెళ్లాయి. తర్వాత ఉత్త గడ్డి. మొదటి సీసాలో మీథేను మామూలు గాలిలో ఉన్నంత ఉంది. ఇరవై నిమిషాల సీసాలో అంతకన్నా తక్కువ. నలభై నిమిషాల సీసాలో ఇంకా తక్కువ. సీసాలు తారుమారయ్యాయనుకుని రెండో రింగుది పెట్టాను. అదే తీరు. మూడోదీ అంతే. నేల ఆరుతున్నకొద్దీ, రోజురోజుకీ తగ్గుదల పెరిగింది కూడా.

గైడుగారు వచ్చి నా భుజం మీదుగా చూశారు. "మూత లీకై ఉంటుందమ్మా. పెయింటు డబ్బాలు కదా" అన్నారు.

"లీకైతే బయటి గాలి లోపలికొచ్చి బయట ఎంతుందో అంతే ఉండాలి సార్. బయటికన్నా తక్కువకి ఎలా వెళ్తుంది?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, మిగిలిన సీసాలు ఆయనే స్వయంగా ఒక్కొక్కటీ పెట్టారు. సాయంత్రం దాకా పెట్టారు. అన్నీ కిందికే. ఆ నేలలో మీథేనుని తిని బతికే సూక్ష్మజీవులు ఉన్నాయి. అలాంటివి ఉంటాయని ఇద్దరమూ చదివినవాళ్లమే. ఎండకి మాడే ఆ రాళ్లమధ్య గడ్డిలో ఇంత చురుగ్గా ఉంటాయని ఇద్దరమూ అనుకోలేదు. పట్టికలో ఉత్త గడ్డి గడిలో మైనస్ గుర్తు పెట్టి, దాని పక్కన అంకె వేశాను.

ఆ సాయంత్రమే నర్సింలు ఫోనుకి చేసి మల్లమ్మకి చెప్పాను. బర్రెలు వదిలే చెడ్డగాలిలో కొంత మీ నేలే తినేస్తోందని. "ఎంత తింటది?" అని అడిగింది. కొంచెమే అన్నాను, అబద్ధం చెప్పలేను కదా. "కొంచెమైతేంది, తింటున్నది గద" అని పెట్టేసింది.

వారం తర్వాత ఆమే చేసింది. ఎప్పుడూ నాకు తనంతట తాను ఫోను చేసిన మనిషి కాదు. నర్సింలు ఫోనులోంచి మాట్లాడుతోంది.

"సర్వేవోళ్లొచ్చిన్రు బిడ్డా. జాగ కొలిసి రాళ్లు పాతిన్రు. నీ డబ్బాలు జూసి గివి తీసెయ్యమన్నరు. కాయితంల ఖాళీ జాగ అని రాసుకుంటున్నరు. ఖాళీ గాదు సారూ, పనిల ఉన్నదని జెప్పిన. నవ్విన్రు. పది దినాలకు మళ్లొస్తరంట. నువ్వు కొలిసిన లెక్క ఏదన్న ఉంటే ఒక కాయితం మీద రాసి పంపియ్యి. తెలుగుల రాయి. సదివిచ్చి జూపెడ్త."

ఆ కాగితం చూపించినా సర్వే ఆగదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసనే అనుకుంటున్నాను. అయినా ఆ పూటే రాయడానికి కూర్చున్నాను. ఏ చోట కొలిచానో, ఎన్ని రోజులు కొలిచానో, ఏ వేళకి కొలిచానో, నేల గాలిలోంచి మీథేను ఎంత తీసుకుందో, మీథేను తప్ప ఇంకో ఇంగ్లీషు మాట లేకుండా ఒక పేజీలో రాశాను. మూడుసార్లు చించి నాలుగోసారి కుదిరింది. కింద నా పేరు రాసి సంతకం పెట్టాను.

కవరులో పెడుతుంటే గైడుగారు అడిగి తీసుకుని చదివారు. ఒకచోట 'కొంచెం' అని రాస్తే అది కొట్టేసి అంకె వేశారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, నా సంతకం కింద ఆయన సంతకం కూడా పెట్టారు.